మూడు గాట్ల కత్తి

బుధవారం పొద్దున పదిన్నరకు జయపాల్ సారు ఓబుళేశు సెలూన్‌లోకి వచ్చాడు.

కోడుమూరు బస్టాండు పక్కన ఓబుళేశు ఆ షాపు పెట్టి ముప్పై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో జయపాల్ ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో నాలుగు సెలూన్లున్నా క్రాఫు కోసం బస్సెక్కి కర్నూలు పోతాడు. ఎందుకు పోతాడో ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. ఓబుళేశుకు ఇంకా బాగా తెలుసు.

కుర్చీ ఖాళీగానే ఉంది. జయపాల్ కూర్చోలేదు.

"నీ కూతురు వాట్సాప్ స్టేటస్‌లో ఒక కత్తి ఫొటో పెట్టింది. దసరా పూజలో తీసింది. నల్ల పిడి కత్తి."

ఓబుళేశు చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఆ కత్తి నాకు చూపియ్యాల," అన్నాడు జయపాల్.

"పాతది సార్. మా నాయనది."

"మీ నాయనది కాదప్పా. మా తాతది."

ఇంక దాచాల్సిందేమీ లేదు. ఊరంతా తెలిసిన కథే అది. జయపాల్ తాత పెద్దన్న, ఊరి బయట దళితుల పేటలోని చర్చికి పాస్టరు. 1971లో ఆయన చనిపోయిన రోజే ఆయన గడ్డం కత్తి మాయమైంది. ఆ తెల్లవారుజామున ఓబుళేశు తండ్రి పుల్లయ్య పాస్టరు ఇంటి పెరట్లోంచి బయటికి వస్తుంటే చూసినవాళ్లున్నారు. పుల్లయ్య ఊరి మంగలి. ఆ రోజుల్లో మంగలి పేటలో అడుగుపెట్టేవాడు కాదు. పేటవాళ్లకు గడ్డం చేయడం అటుంచి, వాళ్ల నీడ పడినా పక్కకు తప్పుకొనేవాడు. అలాంటి మనిషి చీకట్లో పేటకు ఎందుకొచ్చాడు? దొంగతనానికే వచ్చాడు. పంచాయితీలో పుల్లయ్య అవుననలేదు, కాదనలేదు. అప్పటినుంచి ఆ ఇంటికి 'కత్తి దొంగ' అనే పేరు పడింది.

"ఈ ఆదివారం మా చర్చికి నూరేండ్ల పండగ," అన్నాడు జయపాల్. "అద్దాల పెట్టె చేయించినాం. అయ్యగారి బైబిలు, కళ్లజోడు, చేతికర్ర అందులో పెడతాండాం. నీ దగ్గరుండేది ఆ కత్తే అయితే అదీ పెడతాం. చీటీ గూడా నేనే రాసినా."

జేబులోంచి అట్టముక్క తీసి అద్దం ముందు పెట్టాడు. గుండ్రటి టీచరు దస్తూరీ. 'పాస్టర్ పెద్దన్న గారి క్షౌరపు కత్తి. 1971లో పుల్లయ్య అనే మంగలి అపహరించెను. యాభై మూడేండ్లకు దొరికెను.'

ఓబుళేశు రెండుసార్లు చదివాడు.

"శనివారం దాకా టైమిస్తా. కాదని రుజువు చూపిస్తే నా చీటీ నేనే చించేస్తా. నేను అన్యాయం చేసే మనిషిని కాదు, ఓబుళేశూ."

జయపాల్ వెళ్లిపోయాడు. చీటీ అద్దం ముందే ఉండిపోయింది.

*

తన తండ్రి దొంగో కాదో ఓబుళేశుకు తెలియదు.

పదమూడో ఏట అతను ఆదోనిలో మేనమామ సెలూన్‌కు పనికి పోయాడు. కత్తెర, మిషను, బ్లేడు అక్కడే నేర్చుకున్నాడు. పదహారో ఏట తండ్రి పోయాడని కబురొచ్చింది. నాన్నను అడగాల్సినవేవీ అడగలేకపోయాడు. ఆ కత్తి గురించి గుర్తున్నది ఒక్కటే. చిన్నప్పుడు ఒకసారి ట్రంకు పెట్టెలో చెయ్యి పెట్టి దాన్ని ముట్టుకున్నాడు. ఎన్నడూ చెయ్యెత్తని తండ్రి చెంప మీద కొట్టాడు. తప్పు చేసిన మనిషి భయం అదేనని ఓబుళేశు యాభై ఏళ్లుగా లోలోపల అనుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కత్తి బయటికి తీశాడు. భార్య నాగలక్ష్మమ్మ దసరాకు దాన్ని తళతళలాడేలా తోమింది. చింతపండు, బూడిద వేసి, ఇత్తడి చెంబును తోమినట్టు గంటసేపు తోమింది. పది రోజులు కూడా కాలేదు, అప్పుడే ఎర్రటి చుక్కలు లేస్తున్నాయి.

"దీని మింద గీతలు, అచ్చరాలు ఏమన్నా ఉన్యాయా?" అని అడిగాడు.

"బంగారు రంగులో ఏందో పూలు ఉన్యాయి. మురికనుకుంటి. తోమితే పోయినాయి," అంది నాగలక్ష్మమ్మ. "తోకకు, అదే పిడి వెనక బయటికుండే కొనకు, ఒక నల్లదారం ఉండె. నూనె జిడ్డు పట్టి పాడైపోయింటే కత్తిరించి పారేస్తి."

కూతురు స్వర్ణలత గ్రూప్స్‌కు చదువుతోంది. పుస్తకం మూసి లేచి వచ్చింది.

"కాదని చెప్పేయ్ నాయనా. ఇట్లాటి కత్తులు దేశంలో ఎన్ని లేవు? ఆయన దగ్గర రుజువేముంది?"

"ఆయనకు చెప్పడం సులభమేమ్మా. నాకు నేను ఏం చెప్పుకోవాల?"

స్వర్ణలత కత్తిని చేతిలోకి తీసుకుంది. "అయితే తెలిసినోళ్లకు చూపిద్దాం పా. ఫొటో పెట్టింది నేనే గదా. నేనూ వస్తా."

*

కర్నూలులో కొండారెడ్డి బురుజు వెనక సందులో బసవరాజ్ షాపు. బళ్లారి నుంచి వచ్చి నలభై ఏళ్లుగా దర్జీల కత్తెరలు, మంగళ్ల కత్తులు నూరుతున్నాడు. గురువారం పదకొండింటికి ఓబుళేశు గుడ్డ విప్పగానే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"దీన్ని ఎవురు చంపినారు?"

"మా ఇంట్లో తోమినారు. చింతపండు పెట్టి."

"చింతపండు పులుసుకు పెట్టాలప్పా. పాత ఉక్కుకు పెడితే తినేస్తాది. దుడ్లు పెట్టి కొన్న వస్తువైతే ఇట్ల తోముతారా? తాత సొత్తు గాబట్టి తోమినారు." కత్తి రేకును, అలుగును, గోటితో మీటాడు. సన్నగా, ఆగి ఆగి మోగింది. "అయినా చావలేదులే. ఇంగ్లండు షెఫీల్డ్ సరుకు. పిడి దున్నపోతు కొమ్ము. పైన బంగారు నీళ్ల పూత ఉన్నింటాది, అది పోయింది. మిగిలినదాన్నన్నా బతికిద్దాం."

కుట్టుమిషను నూనెలో దూది ముంచి ఎర్ర చుక్కల మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. గరుకు కాగితం ముట్టుకోవద్దన్నాడు. తోలు సంచిలో పెట్టొద్దు, తోలు తేమ పీల్చి కత్తికిస్తుందన్నాడు. నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి నూనె రాస్తే ఇంకో వందేళ్లు ఉంటుందన్నాడు. స్వర్ణలత ఫోన్లో రాసుకుంది.

ఓబుళేశుకు అవేవీ చెవికెక్కడం లేదు. "ఇది ఎవురిదో చెప్పగలవా?" అన్నాడు.

"పైన చెప్పేవన్నీ మీ ఇంటామె కడిగేసింది. లోపల చూడాల."

పిడికీ అలుగుకీ మధ్యనున్న చిన్న ఇత్తడి చీలను బసవరాజ్ సన్నటి సుత్తితో కొట్టి బయటికి తీశాడు. అలుగు విడిపోయింది. ఎప్పుడూ పిడి కిందే దాగి ఉండే భాగం అది, చింతపండు అక్కడికి చేరలేదు. బసవరాజ్ దాన్ని లైటు కిందికి తిప్పాడు. సూదిమొనతో గీసిన ఒక తెలుగు అక్షరం, పక్కన అంకెలు.

పె. 1946.

ఓబుళేశు ఆ అక్షరం మీద వేలు పెట్టాడు. పెద్దన్న. రుజువు అడిగితే రుజువే దొరికింది.

"ఇంకోటి గూడా చెప్పాల," అన్నాడు బసవరాజ్ అలుగును కంటి దగ్గర పెట్టుకుని. "మీ నాయన మంగలి అంటివే. మంగలి చేతిలో పడిన కత్తి నూరి నూరి పదేండ్లకు సగమైతాది. ఇది ఎవురో తన గడ్డం తాను చేసుకునేవాడు నూరిన కత్తి. అలుగు ఒక పక్కనే కొంచెం అరిగింది. ఆఖరున ఒకసారి గట్టి పనోడు నూరినాడు. అంతే. ఆ తర్వాత రాయి తగల్లేదు."

"అంటే తాత దీన్ని వాడలేదా?" అంది స్వర్ణలత.

"వాడలా. అమ్మలా. నూనె మాత్రం ఏండ్ల తరబడి రాసినాడు." బసవరాజ్ కత్తి తోకను వేలితో చూపించాడు. అంచున మూడు చిన్న గాట్లు, పక్కపక్కనే ఉన్నాయి. "ఇవి పొరపాటున పడినవి కాదు. ఆకురాయితో కోసినారు. ఎందుకో మీ వాళ్లకే తెలియాల."

*

తిరుగు బస్సు హంద్రీ వంతెన ఎక్కింది. ఓబుళేశు కిటికీ పక్కన కూర్చున్నాడు. కత్తి ఒళ్లో ఉంది. అక్షరం చూసినవాళ్లు ముగ్గురే. చెయ్యి బయటికి పెట్టి వేళ్లు వదిలితే చాలు. ఆదివారం అద్దాల పెట్టెలో ఏమీ ఉండదు. జయపాల్ చీటీ చీటీలాగే ఉండిపోతుంది.

కిటికీ అద్దం పక్కకు జరిపాడు.

స్వర్ణలత అది చూసింది. తండ్రి చెయ్యి పట్టుకోలేదు. "దొంగ సొత్తయితే ఎవరైనా వాడుకుంటారు, లేకుంటే అమ్ముకుంటారు," అంది నెమ్మదిగా. "తాత రెండూ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో తెలిసినోళ్లు ఒక్కరన్నా బతికి లేరా నాయనా?"

వంతెన దాటిపోయింది.

"కడపలో పెద్దమ్మ ఉండాది," అన్నాడు ఓబుళేశు.

*

పెద్దమ్మ అంటే పుల్లయ్య అన్న భార్య. ఎనభై ఎనిమిదేళ్లు. కడపలో కొడుకు ఇంటి వరండాలో నులకమంచం మీద ఉంటుంది. రెండు కళ్లూ కనిపించవు. శుక్రవారం మధ్యాహ్నానికి ఓబుళేశు, స్వర్ణలత బస్సు దిగి వెళ్లేసరికి వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"పెద్దమ్మా, నేను ఓబుళేశుని."

"గొంతు మీ నాయనదే. మనిషి మాత్రం ఏండ్లకొకసారి వస్తాడు. ఏం పనిబడి వచ్చినావు?"

ఓబుళేశు మడిచిన కత్తిని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలు పిడి మీదుగా జారి తోక దగ్గరికి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు. వేలు అక్కడే నిలిచింది.

"దీనికి నల్లదారం ఉండాల. యాడికి పోయ?"

"నాగలక్ష్మి తీసేసింది. నీకు ఈ కత్తి తెలుసునా?"

"నీకు తెలీదా?" పెద్దమ్మ ఒలవడం ఆపేసింది. "పట్నం సెలూన్‌లో బ్లేడు మార్చడం నేర్పినారు గానీ ఇది నేర్పలేదా? పీనుగకు గడ్డం చేసిన కత్తి ఇది. మన ఇండ్లలో మీ తాతల నాటి కట్టు ఒకటుండాది. పోయినోళ్లకు పట్టిన కత్తి మళ్లా బతికినోళ్లకు పట్టగూడదు. ఆ ఇంట్లోనూ ఉంచగూడదు. చేసిన మంగలే తీసుకపోవాల. మన ఇంట్లో ఎవురన్నా చూడక వాడతారేమోనని తోకకు మూడు గాట్లు పెట్టి నల్లదారం కడతారు. పిల్లోల్లు ముట్టుకుంటే కొడతారు."

ఓబుళేశు చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి వెళ్లింది.

"ఎవురికి చేసినాడు, అవ్వా?" అంది స్వర్ణలత.

"ఎవురికేముంది? పేట అయ్యగారికి."

పెద్దమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పెద్దన్నకు ఊళ్లో ఎవరూ గడ్డం చేసేవాళ్లు కాదు. అందుకే మిషన్ ఆసుపత్రి దొర ఒకాయన ఈ కత్తి ఇచ్చాడు, నీ గడ్డం నువ్వే చేసుకో అని. ఆయన రోజూ నున్నగా గీసుకుని, తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోయేవాడు. ఒకసారి పుల్లయ్యను పాము కరిస్తే బండి కట్టించి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయనే. చివరికి పక్షవాతం వచ్చి నలభై రోజులు మంచంలో పడ్డాడు. పోయేనాటికి గడ్డం గుప్పెడు పెరిగింది.

"ఆయన భార్య జీవమ్మ రేతిరి మా కల్లం కాడికొచ్చి నిలబడె. 'రోజూ గీసుకున్న మనిషిని ఇట్లనే పెట్టెలో పెట్టమంటావా పుల్లన్నా' అనె. మీ నాయన ఒక్క మాట మాట్లాడలా. కోడి కూయకముందే పోయి చేసొచ్చినాడు. తన కత్తి తీసుకపోలేదు, ఊరోళ్లకు పట్టే కత్తి గదా. అయ్యగారి కత్తితోనే చేసినాడు. మన కట్టు చెప్తే జీవమ్మే దాన్ని చేతిలో పెట్టింది."

"మరి పంచాయితీలో ఈ మాట చెప్పొచ్చు గదా?" అన్నాడు ఓబుళేశు. "యాభై ఏండ్లు దొంగ అనిపించుకునే బదులు."

"చెప్తే ఏమైతాదో తెల్సునా నీకు? దొంగంటే ఊరు నాలుగు దినాలు తిట్టి మర్చిపోతాది. పేటలో గడ్డం చేసినాడంటే ఊరు బాయిలో నీళ్లు గూడా తోడనీదు. ఒక్క ఇంట్లో పని ఇయ్యదు. అప్పుడు నువ్వు నాలుగేండ్లోడివి, నీ కింద ఇద్దరు. జీవమ్మ చెప్పబోయింది. మీ నాయనే వద్దని సైగ చేసినాడు. ఆమె బతికినన్నాళ్లు ఇంట్లోవాళ్లకు గూడా చెప్పలా. నేను ఆడోళ్లలో నిలబడి చూస్తాండా."

పెద్దమ్మ మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"అన్నం తిని పోండి," అంది పెద్దమ్మ. "మీ నాయనకు దొంగన్న పేరు బరువు కాలేదు. నువ్వెందుకట్ల వంగిపోతావు?"

*

శనివారం పొద్దున జయపాల్ ఇంటి ముందు గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గోడ మీద పెద్ద ఫొటో. తెరిచిన శవపేటికలో తెల్లబట్టల్లో పెద్దన్న, పక్కన కొంగు కప్పుకున్న జీవమ్మ.

ఓబుళేశు కత్తి తీసి టీపాయ్ మీద పెట్టాడు. బసవరాజ్ చీల విప్పినప్పుడు స్వర్ణలత తీసిన ఫొటో చూపించాడు.

"మీదే సార్. లోపల 'పె' అని ఉండాది."

జయపాల్ తల పంకించాడు. గెలిచినట్టు మాట్లాడలేదు. "నిజం చెప్పినావు. సంతోషం."

"ఇంకొక మాట ఉండాది." ఓబుళేశు బస్సులో వస్తూ ఆలోచించి పెట్టుకున్నాడు. పెద్దమ్మ మాట చెబితే జయపాల్ నమ్మడు. మీ ఇంటి మనిషి మీ మాటే చెబుతుంది అంటాడు. అందుకే లేచి ఫొటో దగ్గరికి వెళ్లాడు. "అయ్యగారు పోకముందు ఎన్ని దినాలు మంచంలో ఉన్యాడు?"

"నలభై. అందరికీ తెలిసిందే."

"చేతులు?"

"కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. అన్నం మా అవ్వే తినిపించేది."

"మీ నాయన?"

"గుంతకల్లు రైల్వేలో ఉన్యాడు. పెట్టె మూసేముందు వచ్చినాడు. ఎందుకడుగుతాండావు?"

"అయితే ఈ గడ్డం ఎవురు చేసినారు సార్?"

జయపాల్ ఫొటో వైపు తల తిప్పాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని లేచి, ఫొటోకు దగ్గరగా వచ్చాడు. పదేళ్లప్పటినుంచి రోజూ చూస్తున్న ఫొటో. పెద్దన్న బుగ్గలు అద్దంలా ఉన్నాయి. మీసం సన్నగా, రెండు వైపులా సమంగా కత్తిరించి ఉంది. నలభై రోజులు మంచంలో ఉన్న మనిషి ముఖం మీద మీసం తప్ప ఒక్క వెంట్రుక లేదు.

"అవ్వ చేసింటాది," అన్నాడు చివరికి.

"బతికినోళ్ల చర్మం కత్తికి ఎదురొస్తాది. పోయినోళ్లది రాదు. ఎడమచేత్తో లాగిపెట్టి ఒక్క ఒరుపులో తీయాల, లేదంటే తెగుతాది. తెగితే మానదు, ఫొటోలో కనపడతాది. ఈడ ఒక్క గీత లేదు. చేయి తిరిగిన మంగలి పని ఇది." ఓబుళేశు వేలు ఫొటో అద్దం మీద చెవి పక్కన ఆగింది. "ఈ చెంపకోత చూడండి. ఎవురన్నా తిన్నగా కోస్తారు. ఇది వెనక్కి వాలుగా ఉండాది. మా నాయన నాకు నేర్పిన పని ఇదొక్కటే. నేనూ ఇట్లనే కోస్తా. షాపుకొచ్చి ఎవురి తలన్నా చూడండి."

అప్పుడు పెద్దమ్మ చెప్పిందంతా చెప్పాడు. జీవమ్మ కల్లం దగ్గరికి రావడం, మూడు గాట్లు, పంచాయితీలో సైగ. జయపాల్ టీపాయ్ మీదికి వంగాడు. కత్తి తీసుకుని తోక మీది గాట్లు లెక్కపెట్టాడు. ఆ లెక్కల మాస్టారు మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు.

"మా అవ్వ ప్రతి క్రిస్మస్‌కూ మీ ఇంటికి ఒక చాట వేరుశనక్కాయలు పంపేది," అన్నాడు. "పచ్చివి. వండినవి మీరు తినరు గదా."

"తెలుసు సార్. ఆ కాయలు తినే పెరిగినా."

"దొంగను గూడా క్షమించి పంపిన తల్లి అని నేను ఇరవై ఏండ్లు సండే స్కూల్లో పాఠం చెప్పినా." జయపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పిల్లోల్లు ఆ పాఠానికి శానా చప్పట్లు కొట్టేవాళ్లు."

"పేటకు మంగలి పిలిస్తే వస్తాడని మీరెట్ల అనుకుంటారు సార్? ఆ కాలంలో ఎవురూ అనుకోరు."

"అదే తప్పు. రాడని లెక్క కట్టినాం. రాడు గాబట్టి దొంగ." జయపాల్ లేచి బీరువాలోంచి కొత్త అట్టముక్క, పెన్ను తెచ్చాడు. "నా పాత చీటీ యాడుంది?"

ఓబుళేశు జేబులోంచి తీసి ఇచ్చాడు. జయపాల్ దాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"ఇప్పుడేం రాయాలో నువ్వే చెప్పు. ఊరు గురించి గూడా రాద్దామా? పేటలో గడ్డం చేస్తే నీళ్లు తోడనీయని ఊరు అని?"

ఓబుళేశు ఆలోచించాడు. యాభై మూడేళ్లు తండ్రి దాచిన మాట. ఇప్పుడు దాని వల్ల ఎవరికీ తిండి పోదు. అతని షాపులో రోజూ పేట కుర్రాళ్లు, ఊరి కుర్రాళ్లు ఒకే కుర్చీలో కూర్చుంటున్నారు.

"రాయండి సార్. దాచడం మా నాయన పని. ఆయన చేసేసినాడు."

"మరి కత్తి? మూడు గాట్లు పెట్టింది మా ఇంటికి రాగూడదంటివే."

"ఇంటికి రాగూడదు. చర్చి ఇల్లు కాదు గదా." ఓబుళేశు గుడ్డ మడతపెట్టాడు. "కాకుంటే మూడు నెలలకోసారి నేనొచ్చి నూనె రాస్తా. మిషను నూనె. చింతపండుతో ఎవురూ తోమొద్దని చీటీలో అదిగూడా రాయండి."

జయపాల్ మొదటిసారి నవ్వాడు.

*

ఆదివారం పొద్దున ఏడింటికి ఓబుళేశు షట్టరు ఎత్తేసరికి జయపాల్ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, తెల్లపంచె. తొమ్మిదింటికి ఆరాధన. చేతిలోని కవరులో కొత్త చీటీ ఉంది, ఓబుళేశుకు చూపించడానికి తెచ్చాడు.

'పాస్టర్ పెద్దన్న గారి కత్తి. ఊరి కట్టుబాటును లెక్కచేయక ఆయనకు చివరి క్షౌరం చేసిన పుల్లయ్య గారికి జీవమ్మ గారు ఇచ్చినది. యాభై మూడేండ్లు పుల్లయ్య గారి ఇంట భద్రముగా ఉన్నది. ఈ సంగతి తెలియక మేము ఆయనను దొంగ అంటిమి.'

"బాగుందా?"

ఓబుళేశు తల ఊపాడు. కుర్చీ దుమ్ము దులిపాడు.

జయపాల్ వచ్చి కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చే ముందు ఒక కన్ను తెరిచి చూశాడు.

"ఆ కత్తితో కాదు గదప్పా?"

"దాన్ని నిన్ననే చర్చిలో పెట్టొస్తిమి గదా సార్."

ఓబుళేశు కొత్త బ్లేడు కాగితం జయపాల్ కళ్ల ముందే చింపాడు. సబ్బు నురుగు పూశాడు. ఎడమచేత్తో చర్మం లాగిపెట్టి, కుడి చెంప దగ్గర మొదలుపెట్టి, చెవి పక్కన వెనక్కి వాలుగా కోశాడు.